గోడ దాటిన గుల్‌ఖైరాలు

తల్లి లింగవ్వ చనిపోయాక ఆ కబురు చెప్పడానికి జ్యోతిరాణి డిచ్‌పల్లి వెళ్లింది. ఫోనులో చెప్పేయొచ్చు. కాని తల్లి బతికున్నన్నాళ్లూ ఏడాదికోసారి సంచిలో సకినాలు పెట్టుకుని, ఎక్కడికని కూతురికి తప్ప ఎవరికీ చెప్పకుండా, బస్సెక్కి వెళ్లి అక్కను చూసి వచ్చేది. అంతగా ఎదురుచూసే అక్కకు చెల్లెలిక రాదన్న మాట ఫోనులో చెప్పడానికి జ్యోతిరాణికి నోరు రాలేదు.

ఆ అక్క పేరు సత్తవ్వ. చిన్నవయసులోనే ఒంటిమీద స్పర్శలేని మచ్చలు తేలితే, తండ్రి ఆమెను ఎడ్లబండి మీద తీసుకొచ్చి డిచ్‌పల్లి కుష్టు దవాఖానలో చేర్పించాడు. జబ్బు నయమైంది. మందుల అవసరం తీరిపోయి కూడా దశాబ్దాలు గడిచాయి. కాని నయమయ్యేలోపే చేతివేళ్లు కొన్ని లోపలికి ముడుచుకుపోయాయి. అరచేతుల్లో, అరికాళ్లలో స్పర్శ పోయింది. ఊరివాళ్లు ఏమంటారోనని ఇంట్లోవాళ్లు రమ్మనలేదు. రమ్మననప్పుడు ఎలా వెళ్తానని ఆమె వెళ్లలేదు. దవాఖాన తోటలో పనిచేసుకుంటూ అక్కడే ఉండిపోయింది. తనలాంటి ఆడవాళ్లతో కలిసి దగ్గర్లోనే ఒక గది తీసుకుని వంటా వార్పూ చేసుకునేది. వాళ్లు ఒక్కొక్కరే కన్నుమూశాక గదిలో ఆమె ఒక్కతే మిగిలింది.

జ్యోతిరాణి చెప్పింది విని సత్తవ్వ ఏడవలేదు. గడప మీద కూర్చుని చాలాసేపు ఎదురుగా ఉన్న మట్టినే చూసింది.

"కష్టపడి పోయిందా బిడ్డా?" అని అడిగింది.

"లేదు పెద్దవ్వా. నిద్రలనే పోయింది."

"మంచిగైంది," అంది సత్తవ్వ. ఆ తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "అన్నం తిని పో," అంది.

అన్నం తిని లేచేటప్పుడు జ్యోతిరాణి అన్న మాట ఆమె అనుకుని వచ్చింది కాదు. "మా ఇంటికి రా పెద్దవ్వా. నాతోని ఉండు," అంది. ఆ మాట బయటికొచ్చాక తనే ఒక్క క్షణం బిత్తరపోయింది. సత్తవ్వ ఆమె మొహంలోకి చూసింది. నిజంగానే అంటున్నదా, మర్యాదకు అంటున్నదా అని చూసినట్టు అనిపించింది. ఏం కనబడిందో గాని లేచి సామాను సర్దుకోవడం మొదలుపెట్టింది.

జ్యోతిరాణిది బోధన్. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. కొడుకు హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. భర్త రాజేందర్ ఆర్టీసీలో కండక్టర్, నిజామాబాదు బస్సు మీద తిరుగుతాడు. ఆ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, వెనక వరండాలో ముడుచుకుని కూర్చున్న ముసలామెను చూశాడు. సంగతి విని, చెప్పులు విప్పి లోపలికొచ్చి, "బాగున్నవా అత్తా?" అని పలకరించాడు. తర్వాత వంటింట్లోకి వచ్చి భార్యను మెల్లగా అడిగాడు.

"మంచిగనే చేసినవ్. గని గిరాకోళ్లకు ఏం చెప్తవ్?"

"ఊరి నుంచి మా పెద్దవ్వ వచ్చిందని చెప్త."

"చెయ్యి చూస్తరు కదనే."

ఆ ప్రశ్నకు జ్యోతిరాణి జవాబు వెతకాల్సిన అవసరం రాలేదు. సత్తవ్వ ఎవరూ చెప్పకుండానే అర్థం చేసుకుంది. ముందు గదిలో ఆడవాళ్ల మాటలు వినబడితే చాలు, వరండాలో ఆ మూలకు జరిగి చేతులు కొంగులో చుట్టుకుని కూర్చునేది. దగ్గొచ్చినా ఆపుకునేది. అది చూసి జ్యోతిరాణికి గుండెల మీది బరువు దిగినట్టుండేది. ఎందుకు దిగిందా అని ఆలోచిస్తే మళ్లీ సిగ్గేసేది. అందుకే ఆలోచించేది కాదు.

సత్తవ్వ తెచ్చుకున్న సామానులో నాలుగు చీరలు, మెత్తని రబ్బరు చెప్పుల జత, కాళ్లు నానబెట్టుకునే ప్లాస్టిక్ తొట్టి ఉన్నాయి. వాటితో పాటు పాత చీర పేలికల్లో ముడేసిన విత్తనాలు కూడా ఉన్నాయి. వానలు వెనకబట్టి, పొద్దున్నే కాస్త చలి తగలడం మొదలైన రోజుల్లో ఆమె ఆ ముడులు విప్పింది.

"ఆ గోడ పక్కన జర జాగ ఇస్తవా బిడ్డా?"

పెరటి గోడ పక్కన విరిగిన ఇటుకలూ, పాడైపోయిన కూలరూ, పాత రేకులూ పడి ఉన్నాయి. ఆదివారం రాజేందర్ వాటన్నిటినీ ఎత్తి పక్కకు పెట్టాడు. కింద నేల గట్టిగా, నల్లగా ఉంది. సత్తవ్వ పలుగుతో లోతుగా తవ్వించింది.

"గింత లోతెందుకు అత్తా? పూలచెట్లే కదా," అన్నాడు రాజేందర్ చెమట తుడుచుకుంటూ.

"దీని వేరు తిన్నగ కిందికి పోతది కొడుకా. మధ్యల రాయి తగిలిందనుకో, అలిగి కూసుంటది."

"పేరేంది దీనిది?"

"గుల్‌ఖైరా. మా దవాఖాన తోటల మస్తుండె. నర్సరీల ఇంగ్లీషు పేరు చెప్తరు, హాలీహాకో ఏమో."

విత్తనాలు చిన్న బిళ్లల్లా చదునుగా ఉన్నాయి. రాత్రంతా నానబెట్టిన వాటిని పొద్దున్నే తీసుకుని సత్తవ్వ గోడ వెంబడి కూర్చుంది. జ్యోతిరాణి గడప దగ్గర నిలబడి చూసింది. బొటనవేలికీ ముడుచుకున్న చూపుడువేలికీ మధ్య ఒక్కో బిళ్లను ఇరికించుకుని, కళ్లు దగ్గరికి తెచ్చి చూసుకుంటూ, మట్టిలో పెట్టి పైన పలుచగా కప్పుతోంది.

"నేను పెట్టాల్నా పెద్దవ్వా?"

"వద్దు. గీ విత్తు నాకు అలవాటే. తోటకూర విత్తులైతే నా తోని కాదు, జారిపోతయి. ఇవి పెద్దగుంటయి. నా చేతికి ఏం పట్టుకున్ననో తెల్వది బిడ్డా, కండ్లతోనే చూసుకోవాలె."

మొలకలొచ్చాయి. రెండాకులు, నాలుగాకులు వేశాయి. చలి ముదిరేసరికి పత్తి ఆకుల్లా వెడల్పుగా, గరుకుగా ఉండే ఆకులు గోడ పొడుగునా నేలమీద గొడుగుల్లా పరుచుకున్నాయి. ఒత్తుగా వచ్చినచోట సత్తవ్వ బలహీనమైనవి పీకేసింది. పీకినవాటిని వేరేచోట నాటబోతే జ్యోతిరాణిని ఆపింది. వేరు కదిలితే ఇది బతకదంది. నీళ్లు పొద్దున పూటే, మొదట్లోనే, ఆకు తడవకుండా పొయ్యాలంది. ఒకరోజు జ్యోతిరాణి పైపు పెట్టి ఆకుల మీద చిమ్ముతుంటే చూసి, ఒక ఆకును తిప్పి వెనకవైపు చూపించింది. తుప్పు పట్టినట్టు ఎర్రటి పొక్కులున్నాయి.

"తుప్పు రోగం. ఆకు తడిగుంటే ఎక్కువైతది," అంది. పొక్కులొచ్చిన అడుగు ఆకులన్నీ తెంపి, ఎండబెట్టి, ఒక మూల కాల్చేసింది. "పై ఆకులకు గాలాడితే మంచిగైతది. పరేషాన్ కాకు."

ఆ రోజుల్లోనే ఒక పొద్దున జ్యోతిరాణి మిషను దగ్గర కూర్చుని ఉండగా వంటింట్లోంచి ఏదో కాలిన వాసన వచ్చింది. వెళ్లి చూస్తే సత్తవ్వ పొయ్యిమీది అన్నం గిన్నెను మసిగుడ్డ లేకుండా రెండు చేతులతో దించి, గంజి వార్చడానికి తూము దగ్గరికి నడుస్తోంది. మొహంలో ఏ మార్పూ లేదు.

జ్యోతిరాణి కేక పెట్టింది. సత్తవ్వ ఉలిక్కిపడి గిన్నె కిందపెట్టింది. అరచేతులు తిప్పి చూస్తే తోలు తెల్లగా లేచి, నీటి బుగ్గలు తేలుతున్నాయి.

"అయ్యో, అయ్యో! మండుతలేదా పెద్దవ్వా?"

"మండదు బిడ్డా. మండితే అప్పుడే ఇడిసిపెడుదును," అంది సత్తవ్వ. తప్పు చేసినదానిలా, "నీకు జర ఆసరైతనని..." అని ఆగిపోయింది.

జ్యోతిరాణి ఆ చేతులను చన్నీళ్లలో పెట్టించి, తను కూడా పక్కనే కింద కూర్చుంది. ఇన్నాళ్లూ తన ఇంట్లో ఉన్న మనిషి చేతులను తను ఎన్నడూ పట్టుకోలేదని అప్పుడు తెలిసింది. అన్నం పెట్టింది, చీర కొన్నది, మంచం వేసింది. చేతులు మాత్రం పట్టుకోలేదు. తడిగుడ్డతో అద్దుతూ చూస్తే, ఆ అరచేతుల నిండా పాత గాయాల మచ్చలే. ఒకటీ ఆమెకు నొప్పి చెప్పలేదు. ఎప్పుడో చూసుకున్నప్పుడు తెలిసిన గాయాలు.

"అక్కడున్నప్పుడు ఎవరు చూసేటోళ్లు?"

"ఒకరివి ఒకరం చూసుకుంటుంటిమి. పొద్దుగూకినంక అందరం కూసోని, నీ కాలు నేను, నా కాలు నువ్వు. వాళ్లు పోయినంక నాయి నేనే."

ఆనాటి నుంచి సాయంత్రం మిషను మూసేశాక జ్యోతిరాణికి అదొక పని అయింది. గోరువెచ్చని నీళ్లలో పెద్దవ్వ కాళ్లూ చేతులూ నానబెట్టి, గరుకు తేలినచోట మెల్లగా రుద్ది, వేళ్ల సందులు వెతికి, ముల్లు గుచ్చుకుందా, ఎక్కడైనా కోసుకుందా అని వెలుతురులో చూసి, కొబ్బరినూనె రాసేది. ఆ సమయంలోనే ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు. అమ్మ చిన్నప్పుడెలా ఉండేదో, జామచెట్టెక్కి దిగలేక ఎలా ఏడ్చిందో జ్యోతిరాణికి మొదటిసారి తెలిసింది. అమ్మ తన గురించి ఎన్నడూ అలాంటివి చెప్పుకోలేదు.

మాఘం దాటేసరికి గుల్‌ఖైరాలు తల ఎత్తాయి. ఒక్కో మొక్క నడుమ నుంచి లావుపాటి కాడ లేచి, రోజురోజుకూ ఎదిగి, దాని పొడుగునా మొగ్గలు కట్టాయి. సత్తవ్వ వెదురు బొంగులు పాతించి, పాత చీర అంచులతో వదులుగా కట్టింది. పువ్వులు కింది నుంచి పైకి విచ్చుకుంటూ వచ్చాయి. అరచెయ్యంత వెడల్పు, ముడతలు పెట్టిన పట్టుగుడ్డలా రేకులు. మొదట గులాబీ రంగువి, తర్వాత నల్లగా కనబడేంత ముదురు ఎరుపువి, తర్వాత తెల్లనివి, వాటి లోపల పసుపు. ఏ విత్తుకు ఏ రంగు వస్తుందో సత్తవ్వకూ తెలియదు. తేనెటీగలు అన్నిటినీ కలిపేస్తాయని, పూసేదాకా ఓపిక పట్టాల్సిందేనని అనేది.

ఆ గోడ ఆరడుగులు. మొక్కలు దాన్ని దాటి ఇంకా పైకి పోయాయి. వెనక గల్లీలో చెరుకు ట్రాక్టరు తోలేవాళ్లు కూడా బండి నెమ్మది చేసి చూసి పోతున్నారు. జాకెట్లకు వచ్చిన ఆడవాళ్లు, "మీ పెరట్ల ఏం చెట్లక్కా అవి? మాకు చూపియ్యరాదు?" అని అడగసాగారు. జ్యోతిరాణి పనుందనో, వెనక తడిగా ఉందనో చెప్పి మాట దాటవేసేది.

నాగకుమారి దగ్గర మాత్రం ఆ మాటలు సాగలేదు. ఆమెది పక్క వీధిలో రెండంతస్తుల ఇల్లు. కాలువ నీళ్లొచ్చిన కాలంలో వాళ్ల తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి బోధన్ పక్కన భూములు కొని స్థిరపడ్డారు. అలా వచ్చినవాళ్లు కట్టుకున్న పల్లెలను అందరూ క్యాంపులంటారు. భర్త రామకోటేశ్వరరావు ఇప్పటికీ క్యాంపులోనే ఉండి చెరుకూ వరీ చూసుకుంటాడు. పిల్లల చదువుల కోసం టౌనుకు వచ్చిన నాగకుమారి అటూ ఇటూ తిరుగుతుంటుంది. చెల్లెలి కూతురు విజయశ్రీ పెళ్లికి జాకెట్లన్నీ జ్యోతిరాణికే ఇచ్చింది. కొన్ని కుట్టడం అయ్యాక, ఒకరోజు మిగతావాటి కొలతలకని వచ్చి, కూర్చోకుండా నేరుగా అడిగింది.

"మా డాబా మీంచి రోజూ చూస్తున్నాను జ్యోతీ. ఆ పూలు దగ్గర్నుంచి చూడకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. పద."

అంటూనే నడవ దాటి వెనక్కి వెళ్లిపోయింది. జ్యోతిరాణి ఆమె వెంట పరిగెత్తింది.

సత్తవ్వ మొక్కల దగ్గరే ఉంది. మనిషిని చూడగానే చేతులు కొంగు కిందికి పోయాయి. పక్కకు జరిగి నిలబడింది.

"ఈవిడేనా మీ పెద్దమ్మగారు? ఎంత బాగా పెంచారండీ!" అంది నాగకుమారి పూల మధ్య నిలబడి. "ఏం ఎరువు వేశారు పిన్నిగారూ?"

"పెంటెరువేనమ్మా," అంది సత్తవ్వ తల వంచుకునే.

నాగకుమారి ఫోను తీసి జ్యోతిరాణికిచ్చి ఫొటో తీయమంది. అప్పుడే గాలి లేచింది. కట్టు వదులైన ఒక పొడుగాటి కాడ పక్కకు ఒరిగి, మొదట్లో విరగబోయింది. సత్తవ్వ ఏమీ ఆలోచించలేదు. ఒక్క అడుగులో వచ్చి రెండు చేతులతో కాడను పట్టుకుని, బొంగుకు ఆనించి, పళ్లతో గుడ్డపేలిక లాగి ముడి వేసింది. చీలిన బొంగు అంచు ఆమె అరచేతిలో దిగి నెత్తురు కారింది. ఆమెకు తెలియలేదు. ముడి బిగించి, కాడ నిలబడిందని చూసుకుని, నవ్వుతూ తల ఎత్తింది.

నాగకుమారి ఆ చేతులనే చూస్తోంది. ముడుచుకున్న వేళ్లనూ, వాటి మీదుగా కారుతున్న నెత్తుటినీ, అది తెలియకుండా నవ్వుతున్న మొహాన్నీ చూసింది. ఆమెకు అర్థమైందని జ్యోతిరాణికి అర్థమైంది.

"నేను... మళ్లీ వస్తా జ్యోతీ. టైమైంది," అంది నాగకుమారి. కొలతలు ఇవ్వకుండానే వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు. రెండు రోజులు దాటాయి, ఆ వారమూ దాటింది. ఇంతలో జాకెట్లిచ్చిన ఇంకొకావిడ మనిషిని పంపించి, కుట్టని బట్ట కుట్టనట్టే తిరిగి తెప్పించుకుంది. కారణం చెప్పలేదు. జ్యోతిరాణి ఒక జాకెట్టు చేతిని తిరగేసి కుట్టి, విప్పి, మళ్లీ తప్పుగానే కుట్టింది. ఆ సమయంలో సత్తవ్వ చాయ్ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

"నిన్నెవరు ముంగటికి రమ్మన్నరు పెద్దవ్వా ఆరోజు?" అంది జ్యోతిరాణి. "పువ్వు ఇరిగితే ఇరిగేది! జర లోపటికి పోతే అయిపోయేది కదా!"

సత్తవ్వ గ్లాసు అక్కడే వదిలి వెనక్కి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఇద్దరూ తొట్టి ముందు కూర్చోలేదు.

మర్నాడు జ్యోతిరాణి లేచేసరికి వరండాలో సంచి సర్ది ఉంది. రబ్బరు చెప్పులు దాని పక్కనే ఉన్నాయి. సత్తవ్వ మొక్కలకు నీళ్లు పోస్తోంది.

"అల్లుడు పొద్దటి బస్సుకు పోతడు కదా, నేను గూడ పోత," అంది వెనక్కి తిరక్కుండానే. "ఎండలు ముదిరినంక కాయలు ఎండుతయి. పచ్చిగున్నప్పుడు తెంపకు. గోధుమ రంగొచ్చినంక తెంపి నీడకు ఆరబెట్టు. లోపట చక్రం లెక్క పేర్చినట్టుంటయి విత్తులు..."

జ్యోతిరాణి వెళ్లి ఆమె చేతిలోని చెంబు తీసుకుంది. బొంగు గీరుకున్న గాయానికి కట్టు లేదు. నీళ్లూ మట్టీ తగిలి అంచులు నల్లబడి ఉన్నాయి. నిన్న తను చూడలేదు. చూడకపోతే ఈ మనిషికి ఇంకెవరున్నారు? జ్యోతిరాణికి ఏడుపాగలేదు.

"నోరు జారిన పెద్దవ్వా. నువ్వు యాడికి పోవద్దు."

"నీ పని పోతది బిడ్డా. నాకేం, నేను యాడనైన బతుకుత."

"పోతే పోనీ. నువ్వు పోయినంక ఈడ ఎవరితోని మాట్లాడాలె నేను?"

సత్తవ్వ ఆమె మొహాన్ని చాలాసేపు చూసింది. తర్వాత, "చెయ్యి కడుగు మరి," అని గాయమున్న చెయ్యి చాపింది.

ఆ మధ్యాహ్నం జ్యోతిరాణి కుట్టడం పూర్తయిన జాకెట్లు సంచిలో పెట్టుకుని నాగకుమారి ఇంటికి వెళ్లింది. సోఫాలో కూర్చోమన్నా కూర్చోలేదు. దారిలో అనుకున్న మాటలన్నీ మరిచిపోయి, నిలబడే చెప్పేసింది.

"మా పెద్దవ్వకు చిన్నప్పుడు కుష్టు వచ్చింది నాగకుమారక్కా. నయమై ఎన్నో ఏండ్లయింది. చేతులు గట్లనే ఉండిపోయినయి, గంతే. నేనే మీకు చెప్పకుండ దాచిన. ఆమె దాచలె. మీకు ఇబ్బందిగుంటే మిగతా బట్టలు తీసుకపోండ్రి. నేనేం అనుకోను."

నాగకుమారి సంచి అందుకోలేదు.

"అబద్ధం ఎందుకు చెప్పాలి జ్యోతీ, భయమేసింది," అంది. "ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నదాన్ని కడుక్కుంటూనే ఉన్నాను. ఫొటో కూడా తీసేశాను ఫోనులోంచి. తర్వాత మా డాక్టరు గారిని అడిగాను. మందు వాడి నయమైనవాళ్ల నుంచి ఎవరికీ అంటుకోదమ్మా, ఇంత చదువుకుని ఇదేం ప్రశ్న అన్నాడాయన. భయం పోయింది గాని, అప్పట్నుంచి మీ గుమ్మం తొక్కడానికి మొహం చెల్లలేదు. ఆవిడకు చెయ్యి కోసుకుని నెత్తురు కారుతుంటే, గుడ్డ కట్టాల్సింది పోయి వెనక్కి తిరిగి వచ్చేశాను కదా."

తర్వాత నాగకుమారి సంచి అందుకుని, "కొలతలు తీసుకుందువు గాని, రేపు వస్తాను. వెనక్కే వస్తాను," అంది.

అన్నట్టే వచ్చింది. సత్తవ్వ మొదట లోపలికి పోబోయింది, జ్యోతిరాణి పోనివ్వలేదు. ముగ్గురూ వరండాలోనే కూర్చున్నారు. మాటలు ముక్కలు ముక్కలుగా సాగాయి. పూల మీదికి వచ్చేసరికి మాత్రం సాఫీగా సాగాయి. బట్ట వాపసు తెప్పించుకున్న ఆవిడ మళ్లీ రానేలేదు. ఇంకొందరు రావడం తగ్గించారు. అడిగినవాళ్లకు జ్యోతిరాణి ఉన్నది ఉన్నట్టు చెప్పింది, విన్నవాళ్లలో ఎక్కువమంది ఆ తర్వాత కూడా వచ్చారు.

ఎండలు ముదిరి కాయలు గోధుమ రంగు తిరిగాక నాగకుమారి విత్తనాలడిగింది. క్యాంపు ఇంట్లో బోలెడంత జాగా ఉందంది. సత్తవ్వ పళ్లెంలో పోసి ఆరబెట్టిన విత్తనాలు తెచ్చి, కాగితం పరిచి నేలమీద పోయబోయింది. ఎవరికేమిచ్చినా అలా కింద పెట్టి పక్కకు జరగడం ఆమెకు ఎప్పటినుంచో అలవాటు. నాగకుమారి వంగి, రెండు చేతులూ దోసిలి పట్టింది.

"చేతిలో పొయ్యండి పిన్నిగారూ."

సత్తవ్వ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది. జ్యోతిరాణి వైపు చూసింది. తర్వాత ముడుచుకున్న వేళ్లతో పిడికెడు తీసి ఆ దోసిట్లో పోసింది. కొన్ని జారి కింద పడ్డాయి. వాటిని ఏరడానికి ఇద్దరూ ఒకేసారి వంగారు. ఒకరి చెయ్యి ఒకరికి తగిలింది. నాగకుమారి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

వానలు వచ్చి వెళ్లాయి. చలి మొదలైన కొన్నాళ్లకు నాగకుమారి ఫోను చేసి, మొక్కలు లేచాయని, ఎందుకో ఆకులు పసుపెక్కి వాడుతున్నాయని చెప్పింది. "చూడాలె బిడ్డా. చూడకుండ ఏం చెప్పాలె," అని సత్తవ్వ తనంతట తానే అంది. బోధన్ వచ్చాక ఆమె ఇంకొకరి ఇంటికి పోతాననడం అదే మొదటిసారి. ముగ్గురూ ఆటోలో వెళ్లారు. దారికి రెండు వైపులా చెరుకు కోతలు సాగుతున్నాయి.

క్యాంపు ఇంటి వెనక కొళాయి పక్కన, ఎండ తగలని మూల, నేల చిత్తడి చిత్తడిగా ఉంది. అందులో గుల్‌ఖైరా మొలకలు లేత పసుపు రంగులో తలలు వాల్చి ఉన్నాయి. కొన్నిటిని పీకి కుండీల్లో పెట్టారు. అవి పూర్తిగా వాడిపోయాయి. వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్న రామకోటేశ్వరరావు లేచి నమస్కారం పెట్టాడు.

సత్తవ్వ ఆయన్ని చూడలేదు. మొక్కలనే చూస్తోంది.

"ఎవరు పీకిండ్రు వీటిని?" అంది.

"నేనే పిన్నిగారూ. గుమ్మం దగ్గర కుండీల్లో బాగుంటాయని..."

"బాగుంటయా? చెప్పలేదా నీకు, వేరు కదిలియ్యొద్దని? నీళ్లు దినాం ఎన్నిసార్లు పోస్తున్నవ్?"

"పొద్దున, సాయంత్రం..."

"ఇది వరిమడి అనుకున్నవా? గిట్ల మునిగేటట్టు పోస్తే వేరు కుళ్లదా? ఎండ తగలని జాగల పెట్టి, మళ్ల పచ్చబడ్డయని నన్ను పిలుస్తున్నవా? పలుగు తే! గీ నీళ్లు పోయేటందుకు కాలువ తియ్యాలె ముందుగాల!"

ఆమె గొంతు పెరడంతా మోగింది. జ్యోతిరాణి నోరు తెరుచుకుని చూసింది. ఇన్ని నెలల్లో పెద్దవ్వ ఒక్కరిమీద గట్టిగా మాట్లాడగా ఆమె వినలేదు. బహుశా ఆమె జీవితంలో ఇంకెవరూ విని ఉండరు. అంత ఇంటి ఇల్లాలు నాగకుమారి బడిపిల్లలా తల దించుకుని, "తప్పయిపోయింది పిన్నిగారూ," అంటోంది. రామకోటేశ్వరరావు పేపరు అడ్డం పెట్టుకున్నాడు గాని భుజాలు ఊగుతున్నాయి. తర్వాత తనే వెళ్లి పలుగు తెచ్చాడు.

నీళ్లు పోయేందుకు కాలువ తీశారు. బతికేలా ఉన్న మొలకల చుట్టూ పొడిమట్టి ఎగదోశారు. ఎండ పడే గోడ పక్కన కొత్తగా విత్తడానికి నేల తవ్వించింది సత్తవ్వ. ఇంకా ఆలస్యం కాలేదని, కాస్త వెనకగానైనా పూస్తాయని చెప్పింది. పనంతా అయ్యాక అరుగు మీద కూర్చుని చేతులు చాపింది. జ్యోతిరాణి వాటిని కడిగి, వేళ్ల మధ్య వెతికి, గీరుకున్నవేమీ లేవని చూసింది.

సత్తవ్వ పరాయివాళ్లను గుక్కెడు నీళ్లు కూడా అడగదు. తను తాగిన గ్లాసును వాళ్లేం చేస్తారోనని ఆమె భయం. ఆ రోజు అరుగు మీద కాళ్లు చాపుకుని, కొంగుతో మొహం విసురుకుంటూ, లోపలికి పోతున్న నాగకుమారిని కేకేసింది.

"గట్లనే జర చాయ్ పెట్టు బిడ్డా. శక్కర ఎక్కువెయ్యి."